కొస పోగు

ఆ యేడు ఐప్పసి నెల వానలకు మా కాలనీలో ఒక్క మగ్గం గుంట కూడా ఎండలేదు.

మాది తిరుత్తణి దాటి పొదటూరుపేట పోయే రోడ్డులో ఉండే నేతగాళ్ళ కాలనీ. పదహారు ఇండ్లు. ఏ ఇంట్లో చూసినా వాకిలి దాటగానే గుంట మగ్గం, మగ్గానికి ఎదురుగా గోడ మీద చంద్రావతమ్మ ఫోటో. దేవుడి పటాలు దాని తర్వాతే.

చంద్రావతమ్మ సినిమాల్లో వేసింది. తెలుగులో వేసింది, తమిళంలో వేసింది. హీరోయినుగా తక్కువ, చచ్చిపోయే ఆడదిగా ఎక్కువ. అక్కగా చచ్చింది, వదినగా చచ్చింది, మొదటి పెండ్లాంగా చచ్చింది. ఆమె చచ్చే సీను కోసమే జనం రెండోసారి టికెట్టు కొనేవాళ్ళని మా అమ్మ చెప్తాది. పుట్టింది మాలాంటి నేత ఇంట్లోనే. ఒకసారి వరదకు మా వాళ్ళ మగ్గాలు కొట్టుకపోతే మద్రాసు నుంచి లారీలో బియ్యం వేసుకొని వచ్చింది. పంచేసి ఫోటో తీసుకొని పోయుంటే అందరి మాదిరే అనుకునేవాళ్ళం. పోలేదు. స్థలం కొని ఇండ్లు కట్టించింది, మగ్గాలు దింపించింది, తిరువాలంగాడులో కంటి ఆస్పత్రి పెట్టించింది. సినిమాలు వదిలేసి తిరుత్తణిలో కొండ కింద ఇల్లు తీసుకొని ఉండిపోయింది. పెండ్లి చేసుకోలేదు. తమ్ముడి కొడుకు ద్వారకనాథ్‌ను పెంచుకుంది. ఇండ్లలో చేరిన మొదటి యేడు కాలనీలో పుట్టిన పిల్లలకంతా పేర్లు పెట్టింది ఆమే. నాకు దేవసేన అని పెట్టింది.

ఇండ్లు మాకిచ్చింది, పట్టా మాత్రం ఆమె పేరు మీదే ఉండిపోయింది. ఎవురూ అడగలేదు. మా అందరికీ ఆమె అమ్మే. అమ్మను అడుగుతారా?

ఇంకొక సంగతి చెప్పాల. మా కాలనీలో చీర మగ్గం దిగేటప్పుడు కొసన ఒక పోగు తెంచకుండా వదులుతారు. కట్టుకొనే మనిషే దాన్ని పంటితో కొరకాల. కొరికితేనే ఆ చీర ఆ మనిషిది. పీనుగ మీద కప్పే చీరయితే మాత్రం తెచ్చినవాళ్ళు కొరుకుతారు, ఎందుకంటే కొరికే మనిషి లేదు గదా. బతికున్న మనిషి పోగును ఇంకొకరు ముట్టరు. కార్తీకంలో అమ్మ పుట్టినరోజు. ఆ రోజుకు యేడాదికొక ఇంటి నుంచి చీర పోతాది, అమ్మ పోగు కొరుకుతాది, మావాళ్ళు నాలుక ఆడించి కులవ పెడతారు. ఆ యేడు వంతు మా ఇంటిది.

ద్వారకనాథ్ వచ్చినప్పుడు వీధిలో మోకాలి లోతు బురద. కారు దిగలేదు. అద్దం దించి మాట్లాడినాడు. కొండకు వచ్చే జనానికి లాడ్జీ కట్టాలంట, కాలనీ ఉండే జాగానే అందుకు సరిగ్గా ఉండాదంట. మాకు శోళవరం దగ్గర అపార్ట్‌మెంటులో ఇండ్లు ఇప్పిస్తాడంట, మూడో అంతస్తులో, గాలి బాగా వస్తాదంట.

"మూడో అంతస్తులో గుంట ఎట్లా తవ్వేది అన్నా? రెండో అంతస్తు వాడి నెత్తి మీద కాళ్ళు పెట్టుకొని నెయ్యాల్నా?" అన్నాను.

ఆడవాళ్ళు నవ్వినారు. ఆయన నవ్వలేదు. అమ్మే చెప్పింది, మీకు మంచి ఇండ్లు ఇప్పించమని, అన్నాడు. అమ్మకు ఏదీ గుర్తులేదని రెండేండ్లుగా నువ్వే గదా చెప్తా ఉండావు, మమ్మల్ని మేడ మెట్లు కూడా ఎక్కనీయకుండా, అని అడిగినాను. ఇప్పుడు నిదానంగా వస్తా ఉండాదన్నాడు. ఈసారి పుట్టినరోజు మండపంలో పెడతాడంట. డాక్టరు వస్తాడు, రిజిస్ట్రారాఫీసు నుంచి ఒకాయన వస్తాడు. అందరి ముందూ అమ్మ పోగు కొరుకుతాది. కొరికితే మతి ఉన్నట్టే గదా. ఆ వెంటనే ఇండ్ల సంగతి అమ్మ నోటితోనే వినొచ్చు.

నేను నోరు తెరిచేలోపల చెంగల్రాయుడు మామ ముందుకొచ్చినాడు. కాలనీకి పెద్ద ఆయనే. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని చెప్పినాడు. "అమ్మ నోటితో పొమ్మంటే ఆ నిమిషమే మగ్గం పీకేస్తాం. అమ్మ ఇచ్చిన ఇల్లు అమ్మ అడిగితే కాదంటామా?"

అందరూ తలలూపినారు. మెడకు తాడు మేమే తగిలించుకొని కొస ద్వారకనాథ్ చేతికిచ్చినాం.

మామతో వీధిలోనే గొడవ పెట్టుకున్నాను. మందికి భక్తి ఉంటే నాకు పళ్ళు కొరుక్కునే అలవాటు ఉండాది. సోమవారం తిరువళ్ళూరుకు పోయి కలెక్టరాఫీసులో, పట్టాలు మా పేర్ల మీదికి మార్చమని మను రాసిచ్చినాను. ఎన్ని మనులు ఇచ్చినానో ఆ బల్ల దగ్గర, ప్యూను కూడా నన్ను పేరు పెట్టి పిలుస్తాడు. ఆఫీసరు మర్యాదగానే మాట్లాడినాడు. ఇండ్లు ఆ అమ్మవి, ఆ అమ్మే వచ్చి ఇవి వాళ్ళవి అంటే మేం పట్టా మార్చేదానికి ఎంతసేపు అన్నాడు. బస్సులో తిరిగొస్తా అనుకున్నాను, ద్వారకనాథ్‌కూ అమ్మ నోరే కావాల, నాకూ అమ్మ నోరే కావాల. ఎవురు ముందు తెరిపిస్తారో చూస్తాం. కాలనీలో దిగి అందరి ముందూ మాట ఇచ్చినాను, అమ్మకు నేను జ్ఞాపకం తెప్పిస్తా, అమ్మతో మన మాట చెప్పిస్తా అని.

ద్వారకనాథే నన్ను పిలిపించినాడు. చీర మా ఇంటిది గాబట్టి రోజూ వచ్చి ఒక గుడ్డముక్కకు పోగు వదిలి అమ్మతో కొరికించమన్నాడు. చేతికి అలవాటయితే మండపంలో తడబడదంట. నా మీద ఆయనకు ఇష్టం లేదు, కానీ నాకు కూడా అమ్మ మతి కావాలని ఆయనకు తెలుసు. ఇద్దరం ఒకే తాడును ఒకే పక్కకు లాగుతా ఉండామని నవ్వినాడు.

అమ్మది మేడ మీద గది. మెట్ల దగ్గర ఇనుప తలుపు, దానికి బీగం. కిటికీలోనుంచి చూస్తే కొండ మెట్లు, మెట్ల మీద గొడుగులు. గదిలో పెద్ద టీవీ, అందులో పొద్దస్తమానం అమ్మ పాత సినిమాలు. చూస్తే జ్ఞాపకం వస్తాదని ఎవురో చెప్పినారంట. టీవీలో పాతికేండ్ల చంద్రావతి జడ ముందుకు వేసుకొని ఏడుస్తా ఉండాది. ఎదురుగా నూలు నైటీలో ముసలామె, మెడలో తువ్వాలు.

"ఆ పిల్లెవురు? బాగుండాది" అనింది.

"అది నువ్వే అత్తా" అన్నాడు ద్వారకనాథ్.

"నేనా? ఛీ. నేనిట్లా ముక్కు చీదుకుంటా ఏడుస్తానా?"

ఆయన నా పక్క చూసి, ఇదీ వరస అన్నట్టు చేతులు తిప్పినాడు. నేను పోగు అందిస్తే ఆమె దాన్ని వేలికి చుట్టుకుంది. మళ్ళా అందిస్తే చెవిలో పెట్టుకుంది. ఇంకొక రోజు దాన్ని బిస్కెట్టుతో కలిపి నమిలి మింగింది. నేను ఫోటోలో చూసి దండం పెట్టుకున్న మనిషి ఈమేనా అని నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తాది. ఆయన ఫోనొచ్చి కిందికి పోయినప్పుడు కుర్చీ చేతులు పట్టుకొని ఊపేసినాను. పదహారు ఇండ్లమ్మా, మా అమ్మ తడి గుంటలో కాళ్ళు పెట్టుకొని నీ చీరే నేస్తా ఉండాది, నువ్వేమో పోగు మింగుతావా అని ఇంకా ఏదేదో అరిచినాను.

ఆమె రిమోటు తీసుకొని టీవీ గట్టిగా పెట్టింది. కండ్లు టీవీ మీదే. పెదవులు కదిలీ కదలనట్టు అడిగింది.

"సరసకు కాళ్ళ వాపు ఇంకా తగ్గలేదా?"

సరసమ్మ మా అమ్మ. నేను నేల మీద కూలబడినాను.

"కూర్చోవద్దు. లేచి పోగు పట్టుకో. వాడు వస్తే నువ్వు కొరికిస్తా ఉండాల."

లేచి పట్టుకున్నాను. ఎన్నాళ్ళ నుంచమ్మా ఇది అని అడిగినాను. కాలనీ జాగా రాసిమ్మని వాడు సంతకం అడిగినప్పటి నుంచి అనింది. పెట్టనంటే ఫోను తీసేసినాడంట. వంటామెను పంపించేసినాడంట. మాత్రలు ఒక పూట ఇచ్చి ఒక పూట మరిచిపోయేవాడంట.

"వాడు మరిచిపోతే నేనూ మరిచిపోతానని మొదలుపెట్టినా" అనింది. "మతి ఉన్నదాన్నయితే సతాయించొచ్చు. లేనిదాన్ని రిజిస్ట్రారు ముందర నిలబెట్టలేడు గదా."

ఇప్పుడే తీసకపోతా రా అమ్మా, స్టేషనుకు పోతాం, టీవీవాళ్ళను పిలుస్తాం, రోడ్డు మీద కూర్చుంటాం అన్నాను. అవే నాకు తెలిసిన పనులు.

"తీసకపోయి ఏమని చెప్తావు? మతి ఉండాదనే గదా. ఉంటే పెట్టు సంతకం అంటాడు."

"పెట్టనని చెప్పమ్మా."

టీవీలో ఆమె మంచం మీద పడుకొని ఎవురి చేతులోనో చెయ్యి పెట్టింది. చచ్చిపోయే సీను వస్తా ఉండాది.

"వాడికి అన్నం పెట్టిన చెయ్యి ఇది, దేవసేనా. వాడు కొడితే తట్టుకుంటానేమో. కాళ్ళు పట్టుకొని ఏడిస్తే పెట్టేస్తా. నాకు తెలుసు, అందుకే మతి వదిలేసినా. నేను పోయినాక ఆ ఇండ్లు మీకే వచ్చేటట్టు ఎప్పుడో వీలునామా రాసేసినా. వాడికీ అది తెలుసు. చచ్చేదాకా నడపాల, అంతే. చచ్చే వేషం నాకేం కొత్తా?"

"అంతదాకా ఈ గదిలోనేనా?"

ఎవురికీ చెప్పద్దనింది. చెంగల్రాయుడికి చెప్తే సాయంత్రానికి పేట దాకా పోతాదనింది. నీ నోరు గూడా చిన్నది కాదు, పేరు పెట్టేటప్పుడే ఏడ్చి వీధంతా లేపినావు అనింది. ఆ మాటకు ఆమె నవ్వింది. మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. ఆ నవ్వు అట్లనే ఉండి, దానిలోనుంచి మనిషి మాత్రం వెళ్ళిపోయింది. పెదవి కింద ఎంగిలి కారింది. నేను చూస్తా ఉండంగానే.

"కొరికిందా?" అని అడిగినాడు ద్వారకనాథ్.

"లేదు" అన్నాను.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ మగ్గం గుంటలో నీళ్ళు చెంబుతో ముంచి బయట పోస్తా ఉండాది. గోడల నుంచి ఊరతా ఉంటే ఎంత తోడినా అంతే. పోసేసి, తడి కాళ్ళు తొక్కుడు కర్రల మీద పెట్టి మళ్ళా అడ్డపోగు నడిపే నాడె విసిరింది. తెల్ల చీర, సన్నని ఎర్ర అంచు. చెమ్మకు గంజి ఆరక పోగులు ఒకదానికొకటి అంటుకుంటా ఉండాయి. నా చిన్నప్పటి నుంచి ఈ గుంటంటే నాకు కసి. ఎనిమిదో తరగతి దాటినాక ఇందులో దిగనని మొండికేసి, సంఘం పోస్టర్లు అంటించేవాళ్ళ వెనక తిరిగి, మైకులో మాట్లాడేది నేర్చుకున్నదాన్ని.

సాయంత్రం మామ వచ్చినాడు, వెనకాల వీధంతా వచ్చింది. అమ్మ ఏమనింది, గుర్తుపట్టిందా అని అడిగినారు. పుట్టి బుద్ధెరిగినాక ఆ వీధిలో నేను నోరు మూసుకున్నది అదే మొదలు. ఇంకా లేదు మామా అన్నాను. మాట ఇచ్చినావే అన్నాడు. ఇచ్చినా అన్నాను. ఒకామె వెనక నుంచి, మేడ మీద కాఫీ బాగుంటాదేమో అనింది. రోజూ ద్వారకనాథ్ పిలిస్తే పోతా ఉండాననే మాట అప్పటికే వీధిలో తిరగతా ఉండాది. నా గొంతు దాకా వచ్చింది. ఒక్క ముక్క చాలు, వాళ్ళ నోళ్ళు పడిపోతాయి. ఆ ముక్కతోనే ఇండ్లు కూడా పోతాయి. మింగేసినాను. అమ్మ పోగు మింగినట్టు.

మా అమ్మ మాత్రం ఏదీ అడగలేదు. నాడె విసరతానే నా మొగం చూసింది, అంతే.

పుట్టినరోజు నాడు వాన సన్నగా పడతా ఉండాది. మండపం నిండిపోయింది. పాత సినిమా పోస్టర్లు పెద్దవి చేసి కట్టినారు. కాలనీ అంతా ముందు వరసల్లో. డాక్టరు ఒక పక్క, రిజిస్ట్రారాఫీసు ఆయన ఒక పక్క కుర్చీల్లో. ద్వారకనాథ్ అమ్మను చక్రాల కుర్చీలో తీసుకొచ్చినాడు. మొగానికి పౌడరు వేసి, కొప్పు కట్టి, పూలు పెట్టినారు. తల పక్కకు వాలి ఉండాది. పోస్టర్లో ఉండేది ఎవురు, కుర్చీలో ఉండేది ఎవురు అన్నట్టు ఉండాది.

నేను పళ్ళెంలో చీర పట్టుకొని స్టేజీ ఎక్కినాను. మా అమ్మ కాళ్ళ వాపుతో రాలేకపోయింది. చీర మడతలో గంజి వాసన, కొసన జానెడు పోగు. నేను దిగుల్లేకుండా ఉండాను. చెవిలో పెట్టుకుంటాదో, వేలికి చుట్టుకుంటాదో, అంతా నవ్వుతారో ఏడుస్తారో, ఈ యేటికి గడిచిపోతాది.

అప్పుడు ఫోకస్ లైట్లు వేసినారు.

వెలుతురు మొగం మీద పడింది. ఆమె వీపు నిటారయింది. వాలిన తల లేచింది, గడ్డం కొంచెం పైకెత్తి, కొంచెం ఎడమకు తిప్పింది. ఎవురు నేర్పినారు ఆ తిప్పడం, ఎన్ని వందలసార్లు తిప్పిందో ఆ లైట్ల కింద. మావాళ్ళు కులవ పెట్టినారు. ఆమె నా చేతిలోనుంచి చీర తీసుకుంది. మడత ముక్కు దగ్గర పెట్టుకొని గంజి వాసన చూసింది. ముందు వరసలో చెంగల్రాయుడు మామ మొగం చూసి ఆమె కండ్లు నిలబడినాయి. గుర్తుపట్టిన కండ్లు. ద్వారకనాథ్ డాక్టరు పక్కకు వంగి ఏదో చెప్పినాడు. ఆమె రెండు వేళ్ళతో పోగు పట్టుకొని నోటికాడికి తీసుకపోయింది.

అది అలవాటో, ఒక్కసారయినా మమ్మల్ని చూసి మనిషిగా నవ్వాలనే ఆశో, నాకు ఈ రోజుకీ తెలీదు.

నేను వంగినాను. ఆమె వేళ్ళ మధ్య నుంచి పోగు లాక్కొని పంటితో కొరికేసినాను.

కులవ ఆగిపోయింది. ఆమె తెగిన పోగును చూసింది, నన్ను చూసింది. తల నిదానంగా మళ్ళా పక్కకు వాలింది.

"ఎవురు చచ్చిపోయినారు?" అని అడిగింది. ముందర మైకు ఉండాది. మండపమంతా విన్నారు.

"పాపం. చిన్న వయసా?"

డాక్టరు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రిజిస్ట్రారాఫీసు ఆయన లేచి గొడుగు ఎక్కడ పెట్టినానని వెతుక్కున్నాడు. ద్వారకనాథ్ నా మణికట్టు పట్టుకొని, నవ్వు మొగంతోనే, నీకేమన్నా తెలుసా అని అడిగినాడు. ఏముండాది తెలిసేదానికి అన్నాను. లేని మనిషికి తెచ్చినవాళ్ళే కొరకాల గదా, కొరికినా అన్నాను. చాలాసేపు నా కండ్లలోకి చూసినాడు. ఆయన గూడా నటి చేతిలో పెరిగినవాడే. ఏమి కనిపించిందో వదిలేసినాడు.

మెట్లు దిగతా ఉంటే మావాళ్ళు దారి ఇచ్చినారు. గౌరవానికి కాదు, తగలకుండా. చెంగల్రాయుడు మామ ఏడుస్తా ఉండాడు. "పొద్దన్నుంచి అమ్మ కండ్లు తెరిచింది ఆ ఒక్క నిమిషమే. నన్ను చూసింది. నువ్వు బతికున్న తల్లికి పీనుగ చీర చేసినావే మేయ్" అన్నాడు. జవాబు నా దగ్గర ఉండాది. నోట్లో ఉండాది, పోగుతో పాటు.

తడుస్తానే ఇంటికొచ్చినాను. నాకంటే ముందు సంగతి వచ్చేసుండాది. మా అమ్మ చెంబుతో గుంటలో నీళ్ళు తోడతా ఉండాది. తల ఎత్తలేదు.

"గంజి చేదుగా ఉంటాది. నీళ్ళు తాగు" అనింది.

తాగినాను. చెంబు పక్కన పెట్టి అడిగింది, అమ్మ ఎట్లుండాది అని. ఉండాది అన్నాను.

"గట్టిగానే ఉండాదా?"

ఆమె నా మొగం చూసింది. ఎదురుగా గోడ మీద ఫోటో చూసింది. సరి అనింది.

ఇండ్లు ఉండాయి. ద్వారకనాథ్ వచ్చే యేడు మళ్ళా చేస్తాడంట, ఇంకా పెద్ద డాక్టరును పిలుస్తాడంట, ఇప్పుడు నన్ను ఆ మెట్ల దగ్గరికి కూడా రానీయడు. కొండకు పోయే బస్సు ఆ ఇంటి ముందర మలుపు తిరుగుతాది. కిటికీలోనుంచి టీవీ చప్పుడు వినిపిస్తాది, పడుచు గొంతు, ఏడుస్తా ఉండేది. నేను తల ఎత్తను. ఎత్తితే ఆమె చూస్తాదేమో, చూస్తే మొగం మారతాదేమో. కాలనీలో మా ఇంట నీళ్ళు తాగేవాళ్ళు లేరు. మనులు ఇప్పుడు మామే తిరువళ్ళూరుకు తీసకపోతాడు. నేను రాసినంత బాగా రాయలేడు. చెప్పేదానికి లేదు.

వానలు వెలవకముందే మా అమ్మ కొత్త పడుగు ఎక్కించింది. తెల్లది, ఎర్ర అంచు. వంతు మనది కాదు గదా ఈసారి అన్నాను. "మిగతావాళ్ళు మేం నెయ్యం అనేసినారు, అమ్మ లేనట్టే గదా అని. నెయ్యకుంటే ఎట్లా? ఉండాది గదా" అనింది. పాత పోగు కొసకు కొత్త పోగు మెలేసి అతకాల, వందల పోగులు, ఒంటి చేత్తో కుదరదు. ఇంకో కొస పట్టుకో అనింది.

గుంటలోకి దిగినాను. నీళ్ళు చల్లగా చీలమండల దాకా వచ్చినాయి. పోగు పట్టుకున్నాను.